బిరుదులిచ్చి పిలిచే దీవి బయటికి దారి కూడా వేయాలి

అరూబా పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



మీ కరీబియన్ దీవిలో ఒక ముచ్చటైన ఆనవాయితీ ఉంది. పదేళ్లకు పైగా ఏటా సెలవులకు వచ్చిన అతిథికి మీ టూరిజం అథారిటీ ‘డిస్టింగ్విష్డ్ విజిటర్’ అన్న గౌరవం ఇస్తుంది. ఇరవై ఏళ్లు దాటితే ‘గుడ్‌విల్ అంబాసిడర్’, ముప్ఫై అయిదు దాటితే ‘ఎమరాల్డ్ అంబాసిడర్’. రిసార్టు లాబీలోనో, బయట ఇసుక మీదో చిన్న సభ పెట్టి, రోజూ గది సర్దే సిబ్బందిని కూడా పిలిచి, ప్రశంసాపత్రం చేతికిచ్చి ఫొటో తీస్తారు. ఆ ఫొటోల్లో ఎక్కువగా కనిపించేది జుట్టు నెరిసిన అమెరికన్ దంపతులు. వాళ్లలో చాలామంది టైమ్‌షేర్ ఓనర్లు, అంటే రిసార్టు గదిలో ఏటా ఒక వారాన్ని కొనుక్కున్నవాళ్లు.

ఈ లేఖ ఆ ఫొటో తర్వాతి సంగతి గురించి. ముప్ఫై అయిదేళ్లు వచ్చిన మనిషికి ఏదో ఒక ఏడు మోకాళ్లు సహకరించవు. లేదా పక్కన కూర్చునే తోడు ఉండరు. రావడం ఆగిపోతుంది. ఆ వారం మీద ఏటా కట్టాల్సిన ఫీజు మాత్రం ఆగదు. రావడానికి ఇన్ని మర్యాదలు చేసే దీవి, తప్పుకునేవాళ్లను కూడా మర్యాదగా సాగనంపే ఏర్పాటు చేయాలన్నదే ఇందులోని విన్నపం.

ఈ గోడు తెలుగు పత్రికలో ఎందుకని మీకు అనిపించవచ్చు. మీకు పర్యాటకులను పంపే దేశాల్లో అమెరికాదే పెద్ద పీట. ఆ అమెరికాలో వేగంగా పెరుగుతున్న భాషల్లో తెలుగు ఒకటి. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇళ్లు కొనుక్కున్న కుటుంబాలు పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కు బీచ్ వెతుక్కుంటున్నాయి. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలను కూడా వెంటబెట్టుకుని బయల్దేరుతున్నాయి. నెవార్క్‌లో విమానం ఎక్కితే నాలుగున్నర, అయిదు గంటల్లో మీ దగ్గర దిగొచ్చు. తిరుగు ప్రయాణంలో అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు మీ విమానాశ్రయంలోనే అయిపోతాయి. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇది చిన్న వెసులుబాటు కాదు. టైమ్‌షేర్ అమ్మేవాళ్లకు కావలసిన కుటుంబం కూడా సరిగ్గా ఇలాంటిదే: ఇద్దరూ సంపాదించేవాళ్లు, ఇద్దరు పిల్లలు, మంచి క్రెడిట్ స్కోరు.

టైమ్‌షేర్ సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. ఏడాదిని 52 వారాలుగా కోసి, రిసార్టులోని ఒక గదిని వారం వారంగా వేర్వేరు మనుషులకు అమ్మడమే టైమ్‌షేర్. ఏడో వారం కొన్నవాళ్లు ఏటా ఫిబ్రవరి మధ్యలో వచ్చి వారం రోజులు ఉంటారు. 52వ వారం వాళ్లది క్రిస్మస్. ఇప్పుడు చాలాచోట్ల వారాల బదులు పాయింట్లు అమ్ముతున్నారు. కొన్న ధర ఒక ఎత్తు, గదుల మరమ్మతులకూ సిబ్బంది జీతాలకూ బీమాకూ అని ఏటా వసూలు చేసే మెయింటెనెన్స్ ఫీజు మరో ఎత్తు. ఈ ఏడు అరూబా వద్దు, ఇంకెక్కడికైనా వెళ్దాం అనుకుంటే వారాన్ని మార్పిడి చేసిపెట్టే సంస్థలున్నాయి. వాటిలో పేరున్న ఆర్‌సీఐ 1974లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మొదలైంది.

మీ దీవికీ ఈ వ్యాపారానికీ ముడి ఎలా పడిందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుగువాళ్లకు మాత్రం అది ఆసక్తికరమైన కథ. సుమారు 180 చదరపు కిలోమీటర్ల నేల. జనాభా లక్షకు కాస్త పైన. ఏడాదికి అయిదు వందల మిల్లీమీటర్ల వాన కూడా పడదు. మన అనంతపురం జిల్లాయే నయం. నది లేదు, పంటలు అంతంతమాత్రం. తాగే నీళ్లు 1930ల నుంచీ సముద్రపు నీటిని శుద్ధి చేసి తీసినవే. ఇలాంటి చోట దశాబ్దాల పాటు కడుపు నింపింది చమురు. వెనెజ్వెలా ముడిచమురును శుద్ధి చేసే లాగో కర్మాగారం శాన్ నికోలాస్ ఊరిని పోషించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాలకు ఇంధనం పంపే కీలక స్థావరం కావడంతో 1942 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి వచ్చి దాని మీద దాడి చేసింది. ఇప్పుడు రిసార్టులున్న ఈగల్ బీచ్‌కు ఆ పేరు కూడా ఒకప్పుడు ఆ పక్కనే ఉన్న ఈగల్ చమురు కంపెనీ నుంచి వచ్చిందే.

1985లో లాగో మూతపడింది. మరుసటి ఏడు, 1986 జనవరి 1న, అరూబా నెదర్లాండ్స్ రాజ్యంలోనే ఉంటూ వేరే దేశ హోదా పొందింది. అంటే సొంత సంసారం మొదలుపెట్టిన నాటికే ఇంట్లో సంపాదించే చెయ్యి పడిపోయింది. అప్పుడు మీ ముందు తరం నాయకులు బీచ్ వైపు తిరిగారు. హోటళ్లు కట్టేవాళ్ల అప్పులకు ప్రభుత్వమే హామీ నిలిచింది. వాటిలో కొన్ని మొండి గోడలై ఖజానా మీద పడ్డాయి కూడా. టైమ్‌షేర్ అప్పటికే అక్కడ ఉంది. 1970ల చివర్లో రాజధాని ఒరాన్యెస్టాడ్ శివారు తీరంలో మొదలైంది. చమురు పోయాక అది ఎంత ఆసరా అయిందో ఊహించవచ్చు. మామూలు హోటల్ గదికి ప్రతి రాత్రీ కొత్త మనిషిని వెతకాలి. టైమ్‌షేర్ గదికి మనిషి ముందే ఖాయం. డబ్బు కట్టేశాడు కాబట్టి మాంద్యం వచ్చినా వస్తాడు. వచ్చాక కారు అద్దెకు తీసుకుంటాడు, సూపర్‌మార్కెట్‌కు వెళ్తాడు, ప్రతి ఏడూ అదే హోటల్‌లో చేపల వేపుడు తింటాడు. ఒక వెయిటర్ పిల్లల చదువుల దాకా తెలుసుకుంటాడు. మీ బిరుదుల వెనక ఉన్న ఆర్థికం ఇదే. అందులో తప్పు పట్టేదేమీ లేదు.

నిజానికి ఆ వారం రోజులు ఎంత బాగుంటాయో చెప్పకపోతే ఈ లేఖ ఏకపక్షం అవుతుంది.

లో రైజ్ అని పిలిచే ఈగల్ బీచ్ వైపు రిసార్టులు మరీ ఎత్తుగా ఉండవు. గది అంటే మంచం, టీవీ మాత్రమే కాదు, వంటగది ఉంటుంది. నాలుగు పొయ్యిల స్టవ్వు, ఫ్రిజ్, గిన్నెలు, కొన్నిచోట్ల బట్టలుతికే మిషను కూడా. శాకాహారం తప్ప ముట్టని అత్తగారు వెంట ఉన్న తెలుగు కోడలికి దీని విలువ తెలుసు. సూట్‌కేసులో చిన్న రైస్ కుక్కర్, కందిపప్పు, ఆవకాయ సీసా పెట్టుకుని వస్తే మూడు పూటలా హోటళ్ల వెంట తిరగాల్సిన పని లేదు. కుళాయి తిప్పి నేరుగా తాగొచ్చు. సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే గాలి ఒక్క క్షణం ఆగదు. ఈశాన్యం నుంచి ఏడాదంతా వీచే ఆ గాలికి దివిదివి చెట్లు నైరుతి వైపు నడుం వంచి పెరుగుతాయి. ఈ చెట్టు కాయలు తోళ్లు పదును చేయడానికి పనికొస్తాయని బ్రిటిష్ కాలంలో దక్షిణ భారతానికి కూడా తెచ్చి నాటారు. మన దగ్గర అది నిటారుగానే ఉంటుంది కాబట్టి అరూబాలో చూసినా గుర్తుపట్టడం కష్టం.

తెల్లవారేసరికి బీచ్‌లో ఇంకో సందడి. నీడ కోసం ఇసుకలో పాతిన ఆకుల పందిళ్లు, అదే పలాపాల కోసం జనం చీకట్లోనే లేచి వరుస కడతారు. ముందు వరుస పలాపా దొరికితే ఆ రోజు గెలిచినట్టే. దొరకనివాళ్లు అరమైలు అవతల తువాలు పరుచుకుంటారు. అదే ఇసుకలో అక్కడక్కడా ఎరుపు తెలుపు చారల కర్రలతో చిన్న దడి కనిపిస్తుంది. మార్చి నుంచి లెదర్‌బ్యాక్ తాబేళ్లు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టే చోట్లవి. టర్టుగరూబా అనే స్థానిక సంస్థ వాలంటీర్లు గూళ్లు గుర్తించి దడి కడతారు. సుమారు రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చి సముద్రం వైపు పాకుతాయి. రిసార్టు దీపాలు వాటి దారి తప్పించకుండా ఆర్పేయమని అడుగుతారు. పలాపా కోసం పోట్లాడిన మనిషే ఆ వేళకు లైటు ఆర్పి, సెల్‌ఫోను జేబులో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తాడు.

ఇంత బాగున్న చోటికి మళ్లీ మళ్లీ రావాలని ఎవరికైనా అనిపిస్తుంది. అమ్మకం సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఎడిసన్ నుంచి వచ్చిన తెలుగు దంపతులు అనుకుందాం. హోటళ్ల వీధిలో నడుస్తుంటే నవ్వుతూ ఒకరు ఎదురొస్తారు. తొంభై నిమిషాలు కూర్చుంటే చాలు, జీప్ టూరు ఉచితం, స్నార్కెలింగ్ పడవ సగం ధరకే. పొద్దున్న బ్రేక్‌ఫాస్ట్ కూడా వాళ్లదే. హాల్లో చిన్న చిన్న గుండ్రటి బల్లలు. బల్లకొక సేల్స్‌మన్. మొదటి అరగంట పిల్లల గురించి, అమ్మానాన్నల ఆరోగ్యం గురించి కుశల ప్రశ్నలు. తర్వాత కాగితం తీసి, ఏడాదికి హోటళ్ల మీద ఎంత ఖర్చు పెడుతున్నారో వాళ్ల చేతే రాయిస్తాడు. దాన్ని ఇరవైతో హెచ్చిస్తాడు. ఆ అంకె కింద గీత గీసి, ఇంత డబ్బు గాలికి పోస్తున్నారు కదా అంటాడు. వద్దంటే లేచి వెళ్లి మేనేజర్‌ను తెస్తాడు. మేనేజర్ ధర తగ్గిస్తాడు. ఇంకా వద్దంటే ఏడాది విడిచి ఏడాది వచ్చే చిన్న ప్యాకేజీ బయటికొస్తుంది. అన్నిటికీ ఒకటే షరతు: ఈ ధర ఈ రోజుకే. ఈలోగా పక్క బల్ల దగ్గర ఎవరో సంతకం చేశారని చప్పట్లు, షాంపేన్ మూత ఎగిరిన చప్పుడు. తొంభై నిమిషాలు మూడు గంటలు అవుతాయి. ఆకలి, మొహమాటం, ఎండలో ఎదురుచూస్తున్న పిల్లలు. మన తెలుగువాళ్లకు మొహమాటం ఒక పాలు ఎక్కువే. పెట్టినది తిని, కాదని ఎలా లేచిపోతాం?

హైదరాబాద్ నుంచి వచ్చిన మామగారు ఆ హాల్లో ఉంటే ఆయనకు ఇదంతా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. మాల్‌లోనో పెట్రోల్ బంకులోనో కూపన్ నింపడం, మర్నాడు లక్కీ డ్రాలో మీ పేరు వచ్చిందని ఫోను, దంపతులిద్దరూ కలిసి రావాలన్న షరతు, స్టార్ హోటల్‌లో టీ, పాతికేళ్ల హాలిడే మెంబర్‌షిప్. పీక్ సీజన్‌లో గది దొరకలేదని, చెప్పింది ఒకటీ ఇచ్చింది ఒకటీ అని మన వినియోగదారుల కమిషన్లకు ఎక్కిన సభ్యులు తక్కువేమీ కాదు. డబ్బు వాపసు ఇవ్వమన్న తీర్పులూ ఉన్నాయి. ఆ మామగారికి కనీసం సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే చోటుంది. అరూబాలో సంతకం చేసిన కొడుకుకు న్యూజెర్సీలో అడగడానికి ఎవరున్నారు?

లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం. అమెరికా టైమ్‌షేర్ పరిశ్రమ తన నివేదికల్లో చెప్పుకునే సగటు ధర సుమారు 24 వేల డాలర్లు. మెయింటెనెన్స్ ఫీజు సగటున ఏడాదికి వెయ్యి దాటింది. 1,200 డాలర్లతో మొదలై ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే పదేళ్లు గడిచేసరికి ఫీజు 1,950 దాటుతుంది. ఇరవై ఏళ్లలో కట్టిన ఫీజులు మొత్తం 39,700 డాలర్ల దాకా తేలతాయి. కొన్న ధర కలిపితే 63,700. అంటే ఒక్కో వారానికి దాదాపు 3,185 డాలర్లు, విమానం టికెట్లు కాక. ఇది రొక్కం పెట్టి కొన్నవాళ్ల లెక్క. నాలుగు వేలు చేతిలో పెట్టి, మిగతా ఇరవై వేలకు అమ్మినవాళ్ల దగ్గరే 15 శాతం వడ్డీకి పదేళ్ల అప్పు తీసుకుంటే నెలకు 323 డాలర్ల కిస్తీ. వడ్డీకే 18,700 పోతుంది. అప్పుడు వారం 4,100 దాటుతుంది. సీజను కాని రోజుల్లో అదే గదిని మరో ఓనర్ తాను కట్టాల్సిన ఫీజుకు అటూ ఇటుగా అద్దెకిచ్చేస్తాడు. సేల్స్‌మన్ వేసే ఇరవై హెచ్చవేతలో ఈ అద్దె అంకె ఎన్నడూ కనబడదు.

అమ్మబోతే అడవి అన్నట్టే ఉంటుంది తిరిగి అమ్మడం. పాతిక వేలకు కొన్న వారాన్ని ఆన్‌లైన్‌లో ఒక్క డాలరుకు పెట్టినా తీసుకునేవాళ్లు దొరకని సందర్భాలున్నాయి. కారణం సులువు: కొత్తగా వచ్చేవాడు వారంతో పాటు ఫీజును కూడా మోయాలి. ఈగల్ బీచ్‌లో సీజను వారాలకు గిరాకీ ఉంటుంది, కాదనలేం. సెప్టెంబరు వారం కొన్నవాడి సంగతే కష్టం.

మన తెలుగు కుటుంబాలకు ఇంకో చిక్కుంది. అది సేల్స్ హాల్లో ఎవరికీ తట్టదు. హెచ్1బీ మీద ఉన్న ఇంజినీరు ఉద్యోగం మారాడు, స్టేటస్ పొడిగింపు వచ్చింది, పాస్‌పోర్టులో వీసా స్టాంపు మాత్రం గడువు దాటింది. అమెరికాలో ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. బయటికి అడుగు పెడితే మళ్లీ స్టాంపింగ్ చేయించుకోనిదే లోపలికి రానివ్వరు. కెనడా, మెక్సికోలకు చిన్న ప్రయాణాలైతే అమెరికా నిబంధనల్లో మినహాయింపు ఉంది. ఎఫ్1, జే1 మీద ఉన్న విద్యార్థులకు ఆ మినహాయింపు కరీబియన్ దీవులకూ వర్తిస్తుంది. హెచ్1బీకి అరూబా విషయంలో అది లేదు. గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులు ఏళ్ల తరబడి నిలబడి ఉన్నారు. ఆ ఏళ్లలో స్టాంపింగ్ భయంతో సొంత ఊరికే వెళ్లనివాళ్లున్నారు, చావుకూ పెళ్లికీ కూడా. అలాంటి మనిషి మీ దీవిలో ఏడో వారం కొనుక్కుంటే, ఆ వారం ఖాళీగా పోయినా జనవరిలో బిల్లు వస్తుంది.

బిల్లు ఆగని సందర్భాలు ఇంకా ఉన్నాయి. 2020 మార్చి మధ్యలో కోవిడ్ వల్ల మీరు సరిహద్దులు మూశారు. అమెరికన్లకు జులై 10న తెరిచారు. ఆ నడుమ వారాలు ఉన్నవాళ్లు రాలేకపోయారు. గోడలకూ సిబ్బందికీ బీమాకూ ఖర్చు తప్పదు కాబట్టి ఆ బరువు చివరికి ఓనర్ల మీదికే వస్తుంది. మీ రాజ్యంలోనే ఉన్న సింట్ మార్టెన్‌ను 2017 సెప్టెంబరు 6న ఇర్మా తుపాను చీల్చేసినప్పుడు కొన్ని రిసార్టులు నెలల తరబడి తెరుచుకోలేదు. తుపాను తర్వాత బీమా చాలకపోతే స్పెషల్ అసెస్‌మెంట్ పేరుతో అదనపు వసూలు ఈ వ్యాపారంలో మామూలే. అరూబా తుపాను దారికి దక్షిణంగా ఉండటం మీ అదృష్టం. అమ్మేవాళ్లు దాన్ని గట్టిగానే చెప్తారు. ఫీజు పెరగదని దానర్థం కాదు.

వయసు మీద పడి వదిలించుకోవాలని చూసేవాళ్ల చుట్టూ మరో రకం మనుషులు చేరతారు. మీ వారానికి కొనుగోలుదారు దొరికాడు, ముందుగా పన్ను, లాయరు ఫీజు పంపండి అని ఫోను వస్తుంది. పంపిన డబ్బు పోతుంది. కొన్నాళ్లకు ఆ పోయిన డబ్బు రాబట్టిపెడతామంటూ ఇంకో లాయరు ఫోను చేస్తాడు. ఇద్దరూ ఒకే ముఠా. మెక్సికోలోని టైమ్‌షేర్ల ఓనర్లను ఇలా దోచుకున్న కాల్‌సెంటర్ల వెనక హలిస్కో మాదకద్రవ్యాల ముఠా ఉందని అమెరికా ఆర్థిక శాఖ, ఎఫ్‌బీఐ 2024 జులైలో బహిరంగంగా హెచ్చరించాయి. 2019 నుంచి 2023 దాకా దాదాపు 6,000 మంది అమెరికన్లు 30 కోట్ల డాలర్ల వరకు పోగొట్టుకున్నామని ఫిర్యాదు చేశారు. అది మెక్సికో గొడవ, మీది కాదు. అయితే ఆ మోసగాళ్లకు గిట్టుబాటయ్యేది ఒకే ఒక్క కారణం వల్ల: ఓనరుకు ముందు గుమ్మం తప్ప వెనక గుమ్మం లేదు. అరూబా ఓనర్లు కూడా అదే ఇంట్లో ఉన్నారు.

ఈ చిక్కుకు మందు లేదనుకోవడానికి వీల్లేదు. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన టైమ్‌షేర్ ఆదేశం ప్రకారం కొన్న మనిషి 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. ఆ 14 రోజుల్లో అమ్మినవాళ్లు ఒక్క పైసా అడ్వాన్సు కూడా తీసుకోకూడదు. కాగితాలు కొన్నవాళ్ల భాషలో ఉండాలి. ఫ్లోరిడా రాష్ట్రం 10 రోజులు ఇస్తుంది, ఆ హక్కును వదులుకుంటున్నానని కొన్నవాళ్ల చేత సంతకం చేయించుకున్నా చెల్లదంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో టైమ్‌షేర్ కొన్న మనిషికి ఆ యూరోపియన్ రక్షణ ఉంది. అరూబా అదే రాజ్యంలో భాగమైనా యూరోపియన్ యూనియన్ చట్టాలు నేరుగా వర్తించని భూభాగం. కాబట్టి ఈ పని మీ చేతుల్లోనే ఉంది.

మంచి నమూనా కోసం దీవి దాటి వెళ్లనక్కర్లేదు కూడా. మీ తీరంలోనే కొన్ని పాత రిసార్టులు సభ్యులే యజమానులుగా సహకార సంఘం పద్ధతిలో నడుస్తున్నాయి. సభ్యులు ఓటేసి బోర్డును ఎన్నుకుంటారు, ఖాతాలు చూస్తారు, ఫీజు ఎందుకు పెరిగిందో సర్వసభ్య సమావేశంలో నిలదీస్తారు. ఫీజు అక్కడా పెరుగుతుంది. పైకప్పు ఎందుకు మార్చాల్సి వచ్చిందో తెలిసి కట్టడం వేరు, కారణం లేని బిల్లు కట్టడం వేరు. ఇంకో సంగతి: మీ హోటళ్లు నిలబడ్డ భూమిలో చాలాభాగం ప్రభుత్వం 60 ఏళ్ల దీర్ఘకాలిక లీజుకు ఇచ్చినదే. లీజు పొడిగించమని రిసార్టు మీ గుమ్మం దగ్గరికి వచ్చిన రోజున షరతులు పెట్టే అధికారం మీకు ఉంటుంది. ఆ రోజును ఊరికే పోనివ్వకండి.

అడుగుతున్నవి నాలుగు.

అరూబా గడ్డ మీద అమ్మే ప్రతి టైమ్‌షేర్‌కూ, వారమైనా పాయింట్లైనా, 14 రోజుల రద్దు హక్కు ఉండాలి. ఆ రోజుల్లో క్రెడిట్ కార్డు గీకకూడదు. సెలవులకు వచ్చిన మనిషి సంతకం చేసిన మర్నాడే విమానం ఎక్కుతాడు. ఇంటికెళ్లి, కాగితాలు చదివి, తెలిసినవాళ్లను అడిగి నిర్ణయించుకునే వ్యవధి అతనికి దక్కాలి. రద్దు ఈమెయిల్ ద్వారా పంపినా చెల్లాలి.

సంతకానికి ముందు ఒక్క పేజీ కాగితం చేతికివ్వాలి. గత పదేళ్ల మెయింటెనెన్స్ ఫీజు ఏడాది ఏడాదికీ ఎంతో, స్పెషల్ అసెస్‌మెంట్లు ఎన్ని వేశారో, భూమి లీజు ఏ సంవత్సరంతో ముగుస్తుందో, ఇదే రిసార్టు వారాలు పాత ఓనర్ల దగ్గర ఎంతకు అమ్ముడవుతున్నాయో అందులో ఉండాలి. షాంపేన్ పక్కన ఈ కాగితం కూడా బల్ల మీద ఉంటే తొంభై నిమిషాలు నిజంగానే తొంభై నిమిషాల్లో ముగుస్తాయి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది. బాకీ లేకుండా ఫీజులు కట్టిన ఓనరుకు, నిర్దిష్ట వయసు దాటాకనో, పదేళ్లు పూర్తయ్యాకనో, తన వారాన్ని రిసార్టుకు తిరిగి అప్పగించి బయటపడే హక్కు ఉండాలి. ఆ ఏడాది ఫీజు కట్టించుకోండి, ఇంకో ఏడాది ఫీజు అదనంగా తీసుకున్నా చాలామంది సంతోషంగా ఇస్తారు. తల్లిదండ్రులు పోయాక పిల్లలకు ఆ వారం కావాలంటే పేరు మార్చుకుంటారు, వద్దంటే ఒక దరఖాస్తుతో వదులుకోగలగాలి. స్టాంపింగ్ చిక్కులో పడి రాలేకపోయిన వారాన్ని మరో ఏడాదికి మార్చుకునే వీలు కూడా ఇందులోనే కలపవచ్చు. రిసార్టులకు ఇది నష్టమేమీ కాదు. వెనక్కి వచ్చిన మంచి వారాన్ని అవి మళ్లీ పూర్తి ధరకు అమ్ముకుంటాయి. అమ్ముడుపోని వారం అయితే, అసలు దాన్ని మొదట అంత ధరకు ఎలా అమ్మారన్నది వాళ్లే చెప్పాలి.

నాలుగోది, ఫిర్యాదు వినే ఒక చోటు. 2024 జులై నుంచి విమానంలో వచ్చే సందర్శకుల దగ్గర మీరు 20 డాలర్ల సస్టైనబిలిటీ ఫీజు తీసుకుంటున్నారు. ఏడాదికి పది లక్షలకు పైగా మనుషులు వచ్చే దీవిలో అది చిన్న మొత్తం కాదు. పర్యావరణానికీ మౌలిక సదుపాయాలకూ అది వెళ్లాల్సిందే. దానితో పోలిస్తే ఇద్దరు ఉద్యోగులు, ఒక న్యాయ సలహాదారు ఉండే టైమ్‌షేర్ ఫిర్యాదుల డెస్కు ఖర్చు ఎంత? న్యూజెర్సీలో ఉన్న మనిషి ఇంగ్లిష్‌లో ఈమెయిల్ పంపితే, రిసార్టును పిలిచి సమాధానం రాబట్టే అధికారం దానికి ఉంటే చాలు.

ఇవి చేస్తే అమ్మకాలు తగ్గుతాయని పరిశ్రమ మీ దగ్గరికి వచ్చి వాదిస్తుంది. మొదటి ఏడాది కొంత తగ్గవచ్చు కూడా. ఒకపక్క దీవి ఇప్పటికే నిండిపోయిందని, బీచ్‌లు కుర్చీలతో నిండి తమ పిల్లలకు చోటు లేదని మీ జనమే అంటున్నారు. కొత్త అంతస్తులు కట్టి కొత్తవాళ్లకు అమ్మడమే పనిగా పెట్టుకుంటే ఆ ఒత్తిడి పెరుగుతుంది. ఉన్న వారాలు అలసిన చేతుల నుంచి ఓపిక ఉన్న చేతులకు సాఫీగా మారితే, కొత్తగా ఒక్క ఇటుక పేర్చకుండానే గదులు నిండుతాయి.

మీ సీజను డిసెంబరు మధ్యలో మొదలవుతుంది. ఆ వారం నుంచే నెవార్క్ విమానాల్లో తెలుగు కుటుంబాలు దిగుతాయి, సేల్స్ హాళ్లలో బల్లలు వేస్తారు. మూడో కోరికకు చట్టం కావాలి, అది రాత్రికి రాత్రి కాదు. రెండోదానికి, అంటే ఒక్క పేజీ కాగితానికి, రిసార్టులను మీ కార్యాలయానికి పిలిచి మాట్లాడితే సరిపోవచ్చు. సీజనుకు ముందే ఆ సమావేశం పెట్టండి. కాగితం నమూనా ఖరారయ్యాక ఒక ప్రతిని ఇంగ్లిష్‌లో టూరిజం అథారిటీ సైట్‌లో ఉంచండి. తెలుగులోకి మార్చి మనవాళ్లకు చేర్చే పని ఇక్కడి పత్రికలు చూసుకుంటాయి.

ఇట్లు,
మీ దీవికి వచ్చే తెలుగు కుటుంబాల తరఫున